అద్దాల పని అడగండి: ముందు బూజు, తర్వాతే బకెట్

పోయిన నెల ఇదే పేజీలో బోరు నీళ్ల మరకల గురించి రాస్తూ మధ్యలో "సాలెగూళ్ల సంగతి ఇంకోసారి చెప్తా" అని ఒక్క మాట వదిలేశా, అంతే, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పైన అవే. పదహారేళ్లుగా హైదరాబాద్‌లో కిటికీల పని చేస్తున్నా, అంతేగానీ నేనేం పురుగుల సైంటిస్టుని కాదు. పనిలో చూసిందీ, చదివి సరిచూసుకుందీ చెప్తా.

ప్రశ్న: అన్నా, నేనూ మా బావమరిదీ కలిసి మూడు నెలల కింద విండో క్లీనింగ్ మొదలుపెట్టాం. ఫ్లాట్లలో స్క్వీజీ (అద్దం మీద నీళ్లు లాగేసే రబ్బరు పట్టీ) బాగానే నడుస్తోంది గానీ పాత ఇండిపెండెంట్ ఇళ్లకి వెళ్తే చుక్కలు కనిపిస్తున్నాయి. గ్రిల్ నిండా బూజు, తుడిచాక అద్దం మీద సన్న దారాల్లా గీతలు, మూలల్లో నల్లటి ముద్ద. ఒక్కో అద్దం మూడుసార్లు చేయాల్సొస్తోంది. తప్పెక్కడ? (మియాపూర్)

తమ్ముడూ, అడక్కుండానే చెప్తా, మీరు బండి దిగగానే బకెట్ నింపుతున్నారు. అదే తప్పు. సాలీడు దారం నీళ్లలో కరిగేది కాదు, అదొక ప్రొటీన్, పట్టుదారంలాంటిదే. దాని మీద ఆరు నెలల రోడ్డు దుమ్ము, వంటింటి వైపు కిటికీ అయితే పోపు జిడ్డు కూడా కూర్చుని ఉంటుంది, అలాంటి దాని మీద తడి గుడ్డ పెడితే దారం తెగదు, దుమ్ము బురద అవుతుంది, రెండూ కలిసి పేనిన తాడులా మూలలోకి వెళ్లి కూర్చుంటాయి. మీరు చెప్పిన నల్ల ముద్ద అదే.

ఇక గీతల సంగతి. మనం వాడే ఒంటి రబ్బరు స్క్వీజీని 1936లో ఎటోరె స్టెకోన్ అని ఇటలీ నుంచి అమెరికా వెళ్లి కిటికీలు తుడుచుకు బతికిన ఆయన తయారుచేశాడు, ఇప్పటికీ పెద్దగా మారలేదు, ఎందుకంటే దాని కిటుకంతా ఒక్కటే, రబ్బరు అంచు అద్దానికి ఎక్కడా సందు లేకుండా ఆనాలి. ఒక్క సాలీడు పోగు కింద పడిందనుకో, అక్కడ రబ్బరు వెంట్రుకవాసి లేస్తుంది, పైనుంచి కిందదాకా నీటి గీత. రబ్బరు పాడైందనుకుని కొత్తది వేస్తారు, మళ్లీ అదే గీత. నేను మొదట్లో అలా మూడు రబ్బర్లు పారేశా.

ఈ పాఠం నాకు బంజారాహిల్స్‌లో ఒక గెస్ట్‌హౌస్ నేర్పింది. నలభై దాకా కిటికీలు, పండగ ముందు పని, టైమ్ లేదని ఒకేసారి పైపు పెట్టి అన్నిటినీ తడిపేశాం. ఎండాక చూస్తే అద్దాలు బాగానే ఉన్నాయి, గ్రిల్ మాత్రం గొర్రె బొచ్చు అతికించినట్టు అయ్యింది. ఓనరుగారు ఏమీ అనలేదు, వేలితో ఒక కడ్డీ గీరి ఆ వేలు నాకు చూపించాడు. రెండు రోజులు పళ్లు తోమే బ్రష్‌లతో ఊడబీక్కున్నాం, ఆ రెండు రోజుల కూలి నా జేబులోంచే.

కాబట్టి వరస ఇది. ముందు సన్‌షేడ్ అడుగు భాగం, అక్కడినుంచి ఫ్రేమ్ పై మూలలు, తర్వాత గ్రిల్, దోమల జాలి, ట్రాక్, అన్నీ పొడిగా, పైనుంచి కిందికి. గుండ్రటి నైలాన్ బూజు కర్ర తీసుకోండి, దాన్ని ఊడ్చినట్టు ఊపకండి, గూట్లో పెట్టి కర్రని తిప్పండి, పీచుమిఠాయి పుల్లకి చుట్టుకున్నట్టు మొత్తం చుట్టుకుని వచ్చేస్తుంది. ఊపితే తెగి ముక్కలు పక్క కిటికీ మీద పడతాయి. గ్రిల్ డిజైన్ సందుల్లోకి రెండంగుళాల పెయింటింగ్ బ్రష్ (కొత్తది, రంగులో ముంచనిది) కన్నా మంచిది నాకు దొరకలేదు. జాలి ఊడేదైతే ఊడదీసి రెండు వైపులా పొడి బ్రష్ కొట్టాకే కడగండి, ముందే నీళ్లు కొడితే ఆ చిన్న గళ్లలో ఇరుక్కుని ఇంక రాదు. కర్రకి చుట్టుకున్న బూజుని చేత్తో లాగి కవర్లో వేయండి, అలవాటుకొద్దీ బకెట్లో ముంచారా, ఆ నీళ్లు ఇక అద్దానికి పనికిరావు.

అవునూ, టోపీ, కళ్లజోడు మర్చిపోకండి. తల పైకెత్తి సన్‌షేడ్ కింద కర్ర తిప్పుతుంటే ఏం రాలుతుందో చెప్పక్కర్లేదు. గాలి ఎటునుంచి వస్తుందో చూసి దానికి వీపు పెట్టి నిలబడండి.

ప్రశ్న: సార్, బూజు పోయాక కూడా కిటికీ దిమ్మ మీద, అద్దం కింది భాగంలో తెల్ల, నల్ల చుక్కలు మిగులుతున్నాయి. సోపు నీళ్లకి పోవట్లేదు. యాసిడ్ వాడొచ్చా? (వరంగల్)

వద్దు వద్దు. అది సాలీడు రెట్ట. పైన గూడుంటే కింద చుక్కలుంటాయి, అవి ఎక్కడున్నాయో చూస్తే గూడు ఎక్కడుండేదో కూడా చెప్పొచ్చు. అందులో ఎక్కువగా ఉండేది గ్వానిన్ అనే పదార్థం, అది మామూలు నీళ్లలో కరగదు, అందుకే ఎంత తుడిచినా కదలదు. డిష్‌వాష్ లిక్విడ్ కొంచెం చిక్కగా కలిపి అందులో ముంచిన గుడ్డని ఆ చుక్కల మీద అంటించి పది నిమిషాలు వదిలేయండి, ఈలోపు పక్క అద్దం చేసుకోండి. నానిన తర్వాత ప్లాస్టిక్ స్క్రేపర్‌తో ఒక్కసారి నెడితే లేస్తుంది. బాత్రూమ్ యాసిడ్ అల్యూమినియం ఫ్రేమ్‌ని తినేస్తుంది, పాలరాయి దిమ్మ అయితే పొంగి గుంట పడుతుంది, ఆ దిమ్మ డబ్బులు మీరే కట్టాలి. ఇనుప బ్లేడు కూడా ఆలోచించే వాడండి, ఆఫీసు బిల్డింగుల్లో మెరిసే కోటింగ్ అద్దాలుంటాయి, కోటింగ్ బయటి వైపు ఉందా లోపలి వైపు ఉందా తెలియకుండా బ్లేడు పెడితే గీత జన్మలో పోదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ 18వ అంతస్తు. ఇంత ఎత్తుకి సాలీళ్లు ఎలా ఎక్కుతున్నాయండీ? పైపులు పట్టుకుని వస్తున్నాయా? (నానక్‌రామ్‌గూడ)

కొన్ని గోడ పట్టుకునే వస్తాయి మేడమ్, చాలావరకు మాత్రం ఎగురుతూ వస్తాయి. రెక్కలు లేవుగా అంటారేమో, పిల్ల సాలీడు ఎత్తైన చోటికి ఎక్కి, తోక వైపు పైకి లేపి సన్నటి పోగు గాల్లోకి వదుల్తుంది, ఆ పోగే దాన్ని లేపుకుపోతుంది. 1832లో డార్విన్ బీగిల్ ఓడలో వెళ్తుంటే తీరానికి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో, నడి సముద్రంలో, ఓడ తాళ్ల నిండా ఇలాంటి చిన్న సాలీళ్లు వచ్చి వాలాయట, ఆయనే రాసుకున్నాడు. గాలి ఒక్కటే కాదు, గాల్లో ఉండే విద్యుత్ క్షేత్రం కూడా వాటిని లేపగలదని 2018లో బ్రిటన్‌లో బ్రిస్టల్ యూనివర్సిటీ వాళ్లు ప్రయోగం చేసి చూపించారు. ఓడ దాకా పోయిన దానికి మీ 18వ అంతస్తు ఎంత.

వచ్చినవన్నీ ఉండిపోవు. తిండి ఉన్నచోటే ఉంటాయి. మీ బాల్కనీ లైటు రాత్రంతా వెలుగుతుంటే పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీడు ఉంటుంది. తెల్ల లైటు తీసి పసుపు రంగుది వేయండి, పడుకునే ముందు ఆపేయండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇంకోటి, బయటి వైపు గూడు కనిపిస్తోంది కదా అని పనమ్మాయిని కిటికీ అంచు మీదకి ఎక్కించకండి. దండం పెట్టి చెప్తున్నా. అంత ఎత్తులో బయటి పని తాళ్ల మీద దిగే ట్రైనింగ్ ఉన్నవాళ్లది, వాళ్లు కూడా ఒక తాడు మీద దిగరు, పనికో తాడు, ప్రాణానికో తాడు, రెండూ వేరువేరు చోట్ల కట్టి, ఒళ్లంతా పట్టి ఉంచే బెల్టులు, అదే ఫుల్ బాడీ హార్నెస్, వేసుకునే దిగుతారు.

ప్రశ్న: మొన్న ఒక ఇంట్లో కిటికీలు తుడిచాక మా కుర్రాడికి మెడ మీద కాలినట్టు ఎర్రటి చార, నీటి బుడగలు వచ్చాయి. వాళ్లమ్మ "సాలీడు ఉచ్చ పోసింది" అంటోంది. అసలు మన సాలీళ్లు ఎంత విషం? కుర్రాళ్లు పనికి రామంటున్నారు. (రాజమండ్రి)

పాపం సాలీడు, చేయని తప్పుకి ఎన్ని నిందలో. ఉచ్చ పోస్తే బుడగలు రావు బాబూ. వానాకాలంలో లైటు దగ్గరికి ఒక చిన్న పురుగు వస్తుంది, చీమలా ఉంటుంది, సెంటీమీటరు కూడా ఉండదు, ఒళ్లు నారింజ నలుపు పట్టీలు. పేడెరస్ అంటారు. అది కుట్టదు, కరవదు, కానీ మెడ మీద పాకుతుంటే మనం అలవాటుగా చేత్తో నలిపేస్తాం చూడండి, అప్పుడు దాని ఒంట్లోంచి వచ్చే రసం చర్మాన్ని కాల్చేస్తుంది. వెంటనే తెలీదు, మర్నాటికి చార తేలుతుంది. ట్రాకుల్లో, ఫ్రేమ్ మూలల్లో చచ్చి పడి ఉన్నవాటిని కూడా ఉత్త చేత్తో తీయకండి, రసం ఎండినా దాని గుణం పోదు. ఒంటి మీద కనిపిస్తే నలపకుండా ఉఫ్ అని ఊదేసి సబ్బుతో కడుక్కోవాలి. ఒకవేళ ఆ బుడగలు ఒంటికి ఒకవైపే పట్టీలా వచ్చి నొప్పి సలుపుతుంటే అది సర్పి అయ్యుండొచ్చు, దానికి మందు తొలి మూడు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది, కాబట్టి ఆకుపసరు గట్రా పెట్టి రోజులు గడపకుండా డాక్టరుకి చూపించండి.

విషం మాటకొస్తే దాదాపు అన్ని సాలీళ్లకీ ఉంటుంది, అది ఈగకి, దోమకి. మన కిటికీల్లో రోజూ తగిలేవి ఏవంటే, పొడుగు కాళ్లతో తలకిందులుగా వేలాడుతూ ముట్టుకోగానే గూడంతా గజగజ ఊపేది ఒకటి, గోడ మీద గెంతుతూ మనవైపు తిరిగి చూసే బుల్లిది ఒకటి, ఇవి మనల్ని ఏం చేయవు. భయపెట్టేది మూడోది, అరచేయంత, బల్లపరుపుగా, గూడు కట్టకుండా ఫ్రేమ్ వెనక దాక్కునేది, హంట్స్‌మన్ అంటారు. బొద్దింకల్ని తిని బతుకుతుంది. ఒక్కోసారి పొట్ట కింద తెల్లటి బిళ్లలాంటిది మోస్తూ కనిపిస్తుంది, అది గుడ్ల సంచి. ఇది కరిచి పనోడు ఆస్పత్రి పాలవడం నేను చూడలేదు గానీ ఇది చటుక్కున పరిగెత్తితే నిచ్చెన మీదనుంచి వెనక్కి పడినోడిని చూశా. మణికట్టు విరిగింది. అందుకే మా కుర్రాళ్లకి చెప్పేది ఒకటే, ఫ్రేమ్ మీద చేయి పెట్టే ముందు కర్రతో రెండుసార్లు టకటక కొట్టు, ఉన్నదేదో ముందే బయటికొస్తుంది, నువ్వింకా నేల మీదే ఉంటావ్. ఆ తర్వాత దాని మీద ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, అడుగున పాత పెళ్లి కార్డు తోసి, తీసుకెళ్లి చెట్టు దగ్గర వదిలేయడమే.

నాది అనంతపురం జిల్లా, కాబట్టి ఒక మాట గొప్ప చెప్పుకోనివ్వండి. ప్రపంచంలో సాలీళ్ల పిచ్చి ఉన్నవాళ్లందరికీ గుత్తి పేరు తెలుసు. నీలం రంగులో మెరిసే పెద్ద సాలీడు ఒకటి గుత్తి రైల్వే కలప యార్డులో దొరికితే 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దాన్ని లోకానికి చెప్పాడు. నిజానికి దాని ఊరు గుత్తి కాదు, రైల్లో కలపతోపాటు వచ్చి ఉంటుందని అంటారు, నంద్యాల గిద్దలూరు మధ్య అడవిలో చెట్టు తొర్రల్లో ఉంటుంది, నూరేళ్ల తర్వాత 2001లో గానీ మళ్లీ కనిపించలేదు. అంతరించే ప్రమాదంలో ఉంది. అది మీ కిటికీకి రాదు, భయపడకండి, వస్తే మాత్రం చీపురు ఎత్తకండి.

ప్రశ్న: అన్నయ్యా, నేను మెల్‌బోర్న్‌లో చదువుకుంటూ పార్ట్‌టైమ్‌గా క్లీనింగ్ కంపెనీలో చేస్తున్నా. కిటికీల కింద సాలీళ్లు చూస్తే చెయ్యి పెట్టబుద్ధి కావట్లేదు, ఇంట్లో చెప్తే అమ్మ వచ్చేయమంటుంది. (మెల్‌బోర్న్)

అమ్మకి చెప్పకు, గ్లోవ్స్ కొనుక్కో. నేను పైన చెప్పిందంతా మన దేశం సంగతి తమ్ముడూ, అక్కడ లెక్క వేరు. మీ దగ్గర చూసుకోవాల్సింది రెడ్‌బ్యాక్, నల్లగా బఠాణీ గింజంత ఒళ్లు, వీపు మీద ఎర్ర చార, గూడు ఒక పద్ధతీ పాడూ లేకుండా చిక్కుముడిలా ఉంటుంది, కిటికీ దిమ్మ అడుగున, చెత్తడబ్బాల వెనక, నేలకి దగ్గరగా కడుతుంది. దిమ్మ కింద వేళ్లు పెట్టి పట్టుకునే అలవాటు మానేయ్, ముందు టార్చి వేసి చూడు, పొడుగు బ్రష్‌తో తీయ్. కరిస్తే కట్టు బిగించకూడదు, ఐస్ పెట్టుకుని 13 11 26కి ఫోన్ చెయ్, అది ఆస్ట్రేలియా విషాల హెల్ప్‌లైన్. దీనికి విరుగుడు 1956 నుంచే ఉంది. ఎప్పుడైనా సిడ్నీ మారితే మాత్రం ఫనెల్‌వెబ్ అనే ఇంకో విషపు సాలీడు గురించి విడిగా తెలుసుకో, దానికి కట్టు గట్టిగా కట్టి, కదలకుండా, వెంటనే అంబులెన్స్ పిలవాలి, రెండిటి వైద్యం ఒకటి కాదు. మీ సూపర్‌వైజర్ గ్లోవ్స్ ఇవ్వనంటే అడుగు, మొహమాటపడకు.

ప్రశ్న: పని చేసి డబ్బులు తీసుకున్న పది రోజులకే కస్టమర్ ఫోన్ చేసి మళ్లీ గూళ్లు వచ్చాయి, ఫ్రీగా చేయమంటున్నారు. ఏం చెప్పాలి? పెస్ట్ కంట్రోల్ కూడా కలిపి చేస్తే గ్యారంటీ ఇవ్వొచ్చా? (విజయవాడ)

గ్యారంటీ అనే మాట నోట్లోంచి రానివ్వకండి అన్నా. చక్రంలా గుండ్రటి గూడు కట్టే సాలీడు రాత్రికి రాత్రే కొత్త గూడు కట్టేస్తుంది, పాతదాన్ని తానే తినేసి ఆ ప్రొటీన్‌తోనే మళ్లీ దారం తీసుకుంటుంది. అంటే మీరు సాయంత్రం బిల్లు రాస్తుంటే అది అక్కడే పని మొదలెట్టి ఉంటుంది. పది రోజులు ఆగిందంటే మీ కస్టమర్ అదృష్టవంతుడు.

నేను కొటేషన్‌లోనే రాసేస్తా, "బూజు తీయడం పని రోజు వరకే" అని. రేటు కూడా బూజు ఎక్కువున్న ఇంటికి విడిగా వేస్తా, ఎందుకంటే అసలు టైమ్ తినేది అదే, అద్దం కాదు. కొత్తగా దిగినవాళ్లు ఫోన్‌లోనే కిటికీకి ఇంత అని చెప్పేస్తారు, వెళ్లి చూస్తే ఏళ్ల బూజు, ఇంక ఏడుస్తూ చేయాలి. ఫొటోలు పంపమనండి, గ్రిల్ దగ్గరగా తీసి.

స్ప్రే మాటంటారా, బొద్దింకకి పనిచేసినట్టు సాలీడుకి పనిచేయదు. బొద్దింక మందు మీద ఒళ్లంతా రాసుకుంటూ పాకుతుంది, సాలీడు కాలి మొనల మీద నడిచిపోతుంది, నేరుగా దాని మీద పడితే తప్ప పెద్దగా ఫలితం ఉండదు. పైగా అద్దం మీద జిడ్డు పొర, అది మళ్లీ మీరే తుడవాలి. యూట్యూబ్‌లో చూపించే నిమ్మనూనె కూడా సాలీళ్లని ఆపదని 2018లో ఒక పరిశోధనలో తేలింది, పెప్పర్‌మింట్ నూనె కొన్ని రకాల్ని దూరం పెట్టింది, అన్నిటినీ కాదు. నన్నడిగితే గుడ్ల సంచులు వదలకుండా తీయండి, ఫ్రేమ్ మూలల్లో కాగితం బిళ్లల్లా, దూది ఉండల్లా అతుక్కుని ఉంటాయి, ఒక్కోదాంట్లో వందకి పైనే పిల్లలుండొచ్చు. గూడు తీసి సంచి వదిలేస్తే సగం పని చేసినట్టే. లైటు మార్చుకోమని కస్టమర్‌కి చెప్పండి, నెలకో రెండు నెలలకో పొడి బూజు రౌండ్ ఒకటి తక్కువ రేటుకి పెట్టండి, నా రెగ్యులర్ కస్టమర్లలో సగం మంది అలా వచ్చినవాళ్లే.

ప్రశ్న: 20 అడుగుల అల్యూమినియం పోల్ కొన్నాను, మూడో అంతస్తు గూళ్లు కిందనుంచే తీయొచ్చని. ఏమైనా జాగ్రత్తలా? (గుంటూరు)

పైకి చూడండి, కర్ర చాచే ముందు ప్రతిసారీ. మన వీధుల్లో 11 కేవీ (పదకొండు వేల వోల్టుల) కరెంటు తీగ బాల్కనీ పక్కనుంచే పోతుంది, గూడు చూస్తూ తీగని మర్చిపోతాం. అల్యూమినియంలో కరెంటు పారుతుంది, తీగకి తగలక్కర్లేదు, బాగా దగ్గరికెళ్లినా చాలు. ఫైబర్ పోల్ అయినా తడిగా ఉంటే నమ్మకండి. తీగ దగ్గరున్న వైపు నేను పని ఒప్పుకోను, ఆ రెండు కిటికీల డబ్బులు తగ్గించుకుంటా, అంతే.

ప్రశ్న: శుక్రవారం బూజు దులపకూడదని మా కస్టమర్లు పని వాయిదా వేస్తున్నారు. ఒకావిడైతే దేవుడి గది కిటికీలో సాలెగూడు అసలు ముట్టుకోవద్దన్నారు. వాదించాలా? (తిరుపతి)

శ్రీకాళహస్తికి అంత దగ్గర ఉండి నన్నడుగుతారేంటండీ. ఆ పేరులో శ్రీ అంటేనే సాలీడు, కాళం పాము, హస్తి ఏనుగు, ముగ్గురూ శివుణ్ణి కొలిచి తరించారని స్థలపురాణం. ఆవిడ నమ్మకం ఆవిడది, ఆ ఒక్క కిటికీ వదిలేయండి, బిల్లులో మాత్రం "దేవుడి గది కిటికీ చేయలేదు" అని రాయించుకోండి, లేకపోతే వాళ్లబ్బాయి సాయంత్రం వచ్చి ఇదేంటి వదిలేశారు అంటాడు, నాకు జరిగింది. మంగళ, శుక్రవారాలు మేం ఆఫీసు పనులు పెట్టుకుంటాం, ఇళ్లు మిగతా రోజుల్లో. సంక్రాంతి, దసరా ముందు రెండు వారాలు ఎవరూ వారం చూడరు, అప్పుడు మీరే డేట్లు దొరక్క తిప్పలు పడతారు.

ప్రశ్న: సన్‌షేడ్ కింద సాలెగూళ్ల పక్కనే మట్టి గూళ్లు, ఇంకో పక్క పెద్ద తేనెతుట్టె ఉన్నాయి. అన్నీ ఒకేసారి తీసేయమంటున్నారు. (కరీంనగర్)

మట్టి గూడు ఒంటరి కందిరీగది, పగలగొట్టి చూస్తే లోపల బతికున్న సాలీళ్లే కదలకుండా పేర్చి ఉంటాయి, పిల్లల తిండి కోసం కుట్టి దాచుకుంటుంది, సాలీళ్లు ఎక్కువున్న ఇంటికి ఇదీ వస్తుంది. తడిపి నానబెట్టి స్క్రేపర్‌తో తీసేయండి. తేనెతుట్టె ఉందంటే మాత్రం నిచ్చెన కూడా దించకండి, ఆ వైపు బూజు కర్ర ఆడించినా లేస్తాయి. తుట్టె తరలించేవాళ్లు వచ్చి వెళ్లాక ఫోన్ చేయమని చెప్పి బండి తిప్పేయండి.